రెండు బైట్ల తగువు

నేను రాసిన హెచ్‌టీటీపీ క్లయింట్ (వెబ్ సర్వర్లతో మాట్లాడే ప్రోగ్రామ్) నుంచి ఒక సర్వర్‌కి పుట్ రిక్వెస్ట్ (ఈ డేటా దాచమని అడగడం) పంపితే 204, అంటే "పని అయింది, పంపడానికి ఇంకేమీ లేదు" అనే జవాబు వచ్చేది. వెంటనే గెట్ (డేటా ఇమ్మని అడగడం) పంపితే మాత్రం, స్టేటస్ లైన్ (జవాబులో మొదటి లైను) అర్థం కావట్లేదని నా క్లయింట్ చేతులెత్తేసేది. అదే నేను కూర్చుని ఒక్కొక్కటే తీరిగ్గా పంపితే ఏ గొడవా లేదు. దాంతో రెండు రోజులు నా కోడ్‌నే అనుమానించాను.

చివరికి సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్) నుంచి వచ్చిన బైట్లను ఉన్నవున్నట్టు ప్రింట్ చేసి చూశాను. రెండో జవాబు ఇలా మొదలైంది: {}హెచ్‌టీటీపీ/1.1 200 ఓకే. ముందున్న ఆ {} ఎక్కడిది?

మొదటి జవాబుదే. 204కి బాడీ (అసలు కంటెంట్) ఉండకూడదు, హెడర్లు (జవాబు గురించిన వివరాల లైన్లు) అయిపోతే జవాబు అయిపోయినట్టే. ఈ సర్వర్ మాత్రం కంటెంట్-లెంగ్త్: 2 (బాడీ రెండు బైట్లు) అని పెట్టి మరీ ఖాళీ జేసన్ డేటా, అంటే ఆ {}, పంపుతోంది. ఆర్‌ఎఫ్‌సీ 9110 (హెచ్‌టీటీపీ నియమాల పత్రం) ప్రకారం 204లో ఆ హెడరే ఉండకూడదు. నా క్లయింట్ రూలు ప్రకారం బాడీ చదవలేదు. ఆ రెండు బైట్లూ కనెక్షన్‌లోనే ఉండిపోయి తర్వాతి జవాబుకి అంటుకున్నాయి. నేను తీరిగ్గా పంపినప్పుడు కీప్-అలైవ్ గడువు (పాత కనెక్షన్‌ని తెరిచి ఉంచే సమయం) దాటి కొత్త కనెక్షన్ తెరుచుకునేది, అందుకే పని చేసింది.

సర్వర్ వాళ్లకి రాస్తే, "బ్రౌజర్‌లో బాగానే వస్తోందే" అన్నారు. ఈ మాట వినని క్లయింట్ రచయిత ఉండడేమో!

ఒళ్లు మండి, హెచ్‌టీటీపీ/ అన్న అక్షరాలు కనబడేదాకా అన్నీ దాటేసే ప్యాచ్ రాశాను. పని చేసింది కూడా. రాత్రి పడుకోబోతూ తట్టింది: ఆ మిగులులో ఎవడైనా కావాలనే పూర్తి జవాబు ఒకటి దాచి పంపితే? తర్వాతి రిక్వెస్ట్‌కి అదే జవాబనుకుని, మళ్లీ వాడుకోవడానికి దాచుకునే కాష్‌లో పెట్టేసుకుంటాను. మిగిలిన డేటాను విడి జవాబుగా తీసుకోకూడదని 2022లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9112 గట్టిగానే చెప్పింది. తెల్లారి ప్యాచ్ తీసేశాను.

తర్వాత, జవాబు ముగిశాక, వచ్చిన బైట్లను తాత్కాలికంగా ఉంచే బఫర్‌లో ఏమైనా మిగిలితే కనెక్షన్ మూసేద్దామనుకున్నాను. అది సగమే సరి, ఎందుకంటే ఆ రెండు బైట్లు నేను చూసిన తర్వాత కూడా రావచ్చు. అందుకని ఇంకొకటి చేర్చాను: 204లో సున్నా కాని కంటెంట్-లెంగ్త్ కనిపించిందా, ఆ కనెక్షన్‌ని మళ్లీ వాడేది లేదు. జవాబుని మాత్రం విజయంగానే లెక్కేస్తాను, పని జరిగిందన్నది నిజమే కదా.

ఇప్పుడు ఆ సర్వర్‌తో ప్రతి పుట్ తర్వాతా కొత్త కనెక్షన్ తెరుస్తున్నాం, టీఎల్‌ఎస్ హ్యాండ్‌షేక్ (రహస్యంగా మాట్లాడుకోవడానికి ముందు జరిగే ఒప్పందం) మళ్లీ మొదటినుంచీ. నెమ్మదిగా ఉందని వాళ్లే ఫిర్యాదు చేశారు. లాగ్‌లో ఆ రెండు బైట్ల లైను కాపీ చేసి పంపాను.