చెంచా వెనక సింహం

చార్‌కమాన్ వెండి దుకాణాల్లో పాత ఇంగ్లిషు చెంచాలు, ఫోర్కులు ఉత్త తూకం లెక్కన కరగడానికి పోతుంటే నా మనసు ఊరుకోదు. త్రాసులో వేసేముందు ఒక్కసారి తిరగేసి చూడండి.

మలక్‌పేటలో మా మేనత్త దగ్గర అలాంటి సెట్టు ఒకటుంది. కాడ కొసన ఆల్చిప్ప, దాని కింద హనీసకుల్ పువ్వు, అంచుల వెంట వంపులు తిరిగే గీత. దీన్ని కింగ్స్ ప్యాటర్న్ అంటారు. ఓల్డ్ ఇంగ్లిష్ అనే నమూనాలో నగిషీ ఉండదు, కాడ నున్నగా ఉంటుంది. ఫిడిల్ ప్యాటర్న్ కాడకు ఫిడేలు ఒంపు. నాకు మాత్రం కింగ్స్ మీదే మక్కువ. మన కరీంనగర్ ఫిలిగ్రీలో సన్నటి వెండి తీగను అల్లి పువ్వు తెస్తారు. ఇక్కడ ఉక్కు అచ్చుతో గట్టిగా కొట్టి పువ్వును పైకి లేపారు.

వెనకవైపు భూతద్దం పెట్టాం. నడుస్తున్న సింహం ఉంది, అంటే ఇంగ్లండులో పరీక్షించిన స్టెర్లింగ్: వెయ్యికి 925 పాళ్లు వెండి, మిగతాది చాలావరకు రాగి. వట్టి వెండి మెత్తన కాబట్టి ఆ రాగి కలుపుతారు. పక్కనే చిరుత తల, అది లండన్ ముద్ర. ఆ తర్వాత విక్టోరియా రాణి తల, పన్ను కట్టినట్టు గుర్తు. ఆ పన్ను 1890లో పోయింది, ఆమె గద్దెనెక్కింది 1837లో. చెంచా ఆ మధ్యదే. కచ్చితమైన ఏడాదిని ముద్రల్లోని అక్షరం చెబుతుంది, కాకపోతే అక్షరం తీరునూ దాని చుట్టూ ఉన్న గడి ఆకారాన్నీ కూడా పట్టికతో సరిచూడాలి.

ఆల్చిప్ప గాడులు కొన్ని చెంచాల్లో నునుపెక్కాయి. వాడకం కంటే తోముడే ఎక్కువ అరగదీసిందని నా నమ్మకం. పళ్లపొడి వద్దు. మెత్తటి బట్ట, వెండి కోసమే చేసిన పాలిష్ చాలు. గాడుల్లో మిగిలే నలుపును అలాగే వదిలేయండి, పువ్వు కనబడేది దానివల్లే. కత్తులను వేడినీళ్లలో నానబెట్టొద్దు. వాటి పిడులు బోలువి, లోపల లక్కలాంటి పదార్థం నింపి ఉంటారు, అది కరిగితే అలుగు ఊడిపోతుంది.

వెనక సింహం లేకుండా ఈపీఎన్ఎస్ అని ఉంటే అది నికెల్ మిశ్రమం మీద వెండి పూత. కరిగించినా దక్కేదేమీ ఉండదు, హాయిగా రోజూ భోజనానికి వాడుకోండి.