గుడిమల్లం స్వామి చేతిలో ఏముంది

కార్తీక సోమవారం శ్రీకాళహస్తి పోదామని అమ్మ అంటే, అక్కడ ఆ రోజు జనం ఎంత ఉంటారో తెలుసు కాబట్టి, ఈసారి గుడిమల్లం పోదామా, అక్కడా శివుడే కదా అన్నాను. ఇన్నేళ్లుగా తిరుపతిలో ఉంటున్నాం, కొండకు ఎన్నిసార్లు ఎక్కామో లెక్కే లేదు, పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉన్న ఈ గుడికి మాత్రం ఒక్కసారి కూడా పోలేదు. తలుచుకుంటే బాధగానే ఉంది.

రేణిగుంట మీదుగా పాపానాయుడుపేట దాకా బస్సు. గాజు పూసలకు పేరున్న ఊరు అది. అక్కడి నుంచి ఆటో. రోడ్డుకు రెండు పక్కలా వరి మడులు, ఎక్కడో దూరంగా స్వర్ణముఖి నది. ఊరు చిన్నది, గుడి కూడా బయటి నుంచి చూస్తే అంత పెద్దదేం కాదు. గేటు పక్కన పురావస్తు శాఖ వాళ్ల బోర్డు, దాని కిందే ఒక అవ్వ టెంకాయలు, ఉసిరికాయ దీపాలు పెట్టుకుని కూర్చునుంది. "యాడ నుంచి వస్తా ఉండారు నాయనా? బిరీన పోండి, అభిషేకం అయిపోతే గుడ్డ కట్టేస్తారు, మళ్లీ స్వామి సరిగ్గా కనపడడు" అంది. ఆ మాట ఆమె చెప్పకపోయి ఉంటే నేను టెంకాయ బేరంలోనే ఉండేవాణ్ని.

లోపలికి పోయాక మొదట తెలిసేది ఏంటంటే, గర్భగుడి మనం నిలబడే చోటు కంటే పల్లంలో ఉంటుంది. దేవుణ్ని తల ఎత్తి చూడ్డం అలవాటైన మనం ఇక్కడ కాస్త వంగి కిందికి చూడాలి. అయిదడుగుల లింగం, ముదురు గోధుమ రంగు రాయి, నీళ్లు పోస్తుంటే నూనె రాసినట్టు మెరుస్తోంది. ఆ లింగానికే ముందు వైపు శివుడు నిలబడి ఉన్నాడు. మామూలుగా మనం చూసే లింగం ఆకారం కాదిది, పురుషాంగం రూపం స్పష్టంగా తెలుస్తుంది, అమ్మ పక్కనుంటే ఇబ్బందిగా ఉంటుందేమో అనుకున్నాను కానీ అమ్మ కళ్లు దాని మీద లేనే లేవు. ఆమె చేతుల జోడింపు విప్పకుండానే "ఆ చేతిలో ఏందిరా అది, తలకిందులుగా ఉండాది?" అని అడిగింది.

పూజారి విన్నట్టున్నాడు. హారతి పళ్లెం పైనుంచి మెల్లగా కిందికి దించుతూ ఒక్కో చోట ఆపి చూపించాడు. తలపాగాలా చుట్టిన జడలు, చెవులకు బరువైన కుండలాలు, ఎడమ భుజం మీద గొడ్డలి. కుడి చేతిలో వెనక కాళ్లు పట్టుకుని వేలాడదీసిన పొట్టేలు. ఎడమ చేతిలో చిన్న కుండ. నడుముకు కట్టిన బట్ట ఎంత పలచగా చెక్కారంటే కింద ఒళ్లు కనపడుతుంది. కాళ్ల కింద యక్షుడు, భుజాల మీద స్వామిని మోస్తున్నాడు. బరువు మోస్తున్న ముఖంలా అనిపించలేదు నాకు, నవ్వుతున్నట్టే ఉంది.

"ఆ పొట్టేలు, కుండ చిత్రసేనుడివమ్మా" అన్నాడు పూజారి. ఆయన చెప్పిన కథ ఇది. తల్లిని చంపిన పాపం తీరాలని పరశురాముడు ఇక్కడ తపస్సు చేశాడు. ఆయన తవ్విన కొలనులో రోజుకు ఒకటే పువ్వు పూసేది, దాంతోనే పూజ. అడవి జంతువులు ఆ పువ్వును తినకుండా చిత్రసేనుడనే యక్షుణ్ని కాపలా పెట్టాడు. కూలి ఏంటంటే రోజూ ఒక వేట జంతువు, ఒక కుండ కల్లు. ఒక రోజు పరశురాముడు లేని సమయంలో ఆ పువ్వును చూసి యక్షుడికి ఆశ పుట్టింది, తనే శివుడికి పెట్టి పూజ చేసుకున్నాడు. పరశురాముడు వచ్చి చూస్తే పువ్వు లేదు. ఇద్దరూ పద్నాలుగేళ్లు కొట్టుకున్నారట, వాళ్ల తొక్కిడికి నేల పల్లమైపోయిందట, గుడిపల్లం అన్నది పోనుపోను గుడిమల్లం అయిందట. చివరికి శివుడు ఇద్దర్నీ తనలో కలుపుకున్నాడు, అందుకే స్వామికి పరశురామేశ్వరుడని పేరు.

పోయే ముందు నేను చదువుకున్నది వేరు. చాలామంది పండితులు దీన్ని క్రీస్తు పూర్వం రెండు, ఒకటి శతాబ్దాల నాటిదంటారు, ఇంకా ముందుదనే వాళ్లూ ఉన్నారు. ఇంత పాతకాలపు లింగం ఇంకా పూజలో ఉండడం ఎంత అరుదు! గత శతాబ్దం మొదట్లో పురావస్తు పండితుడు టి.ఎ. గోపీనాథరావు దీని గురించి రాసి లోకానికి తెలిపారు. 1973-74లో పురావస్తు శాఖ వాళ్లు ఐ.కె. శర్మ ఆధ్వర్యంలో తవ్వితే లింగం చుట్టూ రాతి కంచె బయటపడింది, అంటే మొదట్లో కప్పు లేకుండా ఆరుబయటే పూజ జరిగి ఉంటుందని ఒక ఊహ. ఇవన్నీ అమ్మకు చెప్పాలని దారి పొడవునా అనుకున్నాను. కానీ ఆ పొట్టేలు, ఆ కుండ ఎందుకున్నాయో నేను చదివిన దాంట్లో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. రాతి మీద కనపడే ప్రతి వస్తువుకూ ఈ ఊరి కథలో చోటుంది. రాయి ముందా కథ ముందా అంటే రాయే ముందు కావచ్చు. అయినా ఆ రాయిని ఇన్ని తరాలుగా ఇంత దగ్గరగా చూసిన కళ్లు ఈ ఊరివి, ఆ చూపు మీద నాకు గౌరవం పుట్టింది.

ప్రదక్షిణకు బయటికి వచ్చాం. వెనక గోడ గుండ్రంగా తిరుగుతుంది, గజపృష్ఠం అంటారు, కూర్చున్న ఏనుగు వీపులా ఉంటుంది. ఇప్పుడున్న రాతి కట్టడం చోళుల కాలంది. గోడల నిండా తమిళ శాసనాలు. అమ్మ పుట్టిల్లు నగరి వైపు, చిన్నప్పుడు తమిళం నేర్చుకుంది, గోడకు ముఖం దగ్గరగా పెట్టి ఒక్కో అక్షరం మీద వేలు ఆనించకుండా గాల్లోనే తిప్పుతూ కూడబలుక్కుంది. నాలుగైదు అక్షరాలు దొరికాయి, మాట మాత్రం దొరకలేదు. ఈ శాసనాల్లో ఊరి పేరు తిరువిప్పరంబేడు అని చెబితే, "ఎంత బాగుందిరా పేరు" అని రెండు సార్లు అనుకుంది.

ఆనందవల్లి అమ్మవారి దగ్గర దీపం పెట్టి, సుబ్రహ్మణ్యస్వామినీ సూర్యుణ్నీ చూసుకుని బయటికి వస్తే అవ్వ ఇంకా అక్కడే ఉంది. అరవై ఏళ్లకు ఒకసారి గర్భగుడిలోకి కింద నుంచి నీళ్లు వచ్చి స్వామిని ముంచేస్తాయని, 2005లో వచ్చినప్పుడు ఊరంతా పరుగెత్తుకుని పోయారని చెప్పింది. చెబుతూ చెబుతూ చెంపలు వేసుకుంది.

తిరుగు ఆటో కోసం గంటసేపు ఎండలో నిలబడ్డాం, వచ్చినతను రెట్టింపు అడిగాడు, ఇచ్చేశాం. బస్సులో అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు, నిద్రపోయిందేమో అనుకున్నాను. రేణిగుంట దాటాక ఉన్నట్టుండి అడిగింది.

"ఆ పువ్వు యక్షుడే పెట్టేశాడు కదరా. మరి ఆ రోజు పూజ ఎవరి లెక్కలోకి పోయుంటుంది?"

నాకు తోచలేదు. శివరాత్రికి మళ్లీ పోయినప్పుడు పూజారిని అడుగుదాం అన్నాను.