కార్లో ఏడుపు

"అవ్వా, కారెక్కడుంది? నేను ఏడవాలి."

జులైలో కర్నూలు వెళ్లినప్పుడు నా ఏడేళ్ల కూతురు వంటింట్లోకి వచ్చి అడిగిన మాట ఇది. వీధిలో పిల్లలు దాని తెలుగు విని నవ్వారట. పెదవి వణుకుతోంది, అయినా ఏడుపు ఆపుకుని నిలబడింది. మా అమ్మ ఉగ్గానికి నానేసిన బొరుగులు గుప్పిట్లో పిండుతూ నవ్వింది. "ఏడ్సేకి కారెందుకు పాపా?"

"అమ్మ కార్లోనే కదా ఏడుస్తుంది."

అమ్మ చెయ్యి ఆగిపోయింది. బొరుగులు నీళ్లలో ఎక్కువసేపు ఉంటే ముద్దవుతాయని చిన్నప్పటి నుంచీ నన్ను తిట్టిన మనిషి. ఆ పూట ఉగ్గాని ముద్దగానే తిన్నాం. ఎవరూ ఏమీ అనలేదు.

ఐర్లండ్‌లోని డబ్లిన్‌కు వచ్చి ఆరేళ్లు. ఫోన్లో అమ్మకు నేను చెప్పేది ఒకటే: "అంతా బాగుందమ్మా, చల్లగా ఉంది." చల్లగా ఉండడం మాత్రం అబద్ధం కాదు. కర్నూలు ఎండను తిట్టుకుంటూ పెరిగినదాన్ని. ఇక్కడ డిసెంబరులో నాలుగింటికే పొద్దు గుంకుతుంటే ఆ ఎండకు దణ్ణం పెట్టుకోవాలనిపించింది.

అసలు చిక్కు అక్టోబరు చివరి ఆదివారం మొదలవుతుంది. ఆ రోజు ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అంతవరకూ నాకు సాయంత్రం ఐదయితే అమ్మకు తొమ్మిదిన్నర, వక్కాకు నములుతూ మాట్లాడుతుంది. మర్నాటి నుంచి పదిన్నర. పడుకునేసి ఉంటుంది. ఆఫీసు ముగించి, పాపను ఎక్కించుకుని, చీకట్లో ఇంటి ముందు కారు ఆపి ఫోన్ తీస్తాను. టైము చూసి పక్కన పెడతాను. ఏడుపు అక్కడ వస్తుంది.

మొదటిసారి పాప చూసినప్పుడు జలుబన్నాను. రెండోసారి అడక్కుండానే టిష్యూ అందించింది. మూడోసారి "అవ్వకు చెప్పొద్దు" అన్నాను. అబద్ధమాడితే ఊరుకోనని రోజూ దాన్ని బెదిరించేదీ నేనే.

కొత్తగా వచ్చినవాళ్లు ఫోన్ చేస్తే మాత్రం నా అంత పెద్ద మనిషి లేదు. మధ్యాహ్నం వెలుతురుండగానే కాస్త నడవండి, చలికాలం విటమిన్ డి మానకండి, శని ఆదివారాలు తలుపులేసుకుని కూర్చోకండి, ఇంటివాళ్ల దగ్గర దాచుకోకండి. నా విటమిన్ డి డబ్బాకు పోయినేడే డేట్ అయిపోయింది. చివరి సలహా సంగతి మీకు తెలిసిపోయింది.

దాచితే పిల్ల ధైర్యంగా పెరుగుతుందనుకున్నాను. ఏడుపుకు ఒక చోటుంటుందని, అది నాలుగు చక్రాల మీద ఉంటుందని నేర్చుకుంది. పోనీ, ఇంట్లోనే దాని ముందు ఏడ్చుంటే? దానికి సొంతూరంటే డబ్లినే. తన ఊళ్లో ఉన్నందుకు తల్లి ఏడుస్తుంటే అది ఆ ఊరిని ఏమనుకోవాలి?

ఆ రాత్రి మిద్దె మీద అంతా చెప్పేశాక అమ్మ అంది, "పదిన్నరైతే ఏమే, నాకేమన్నా నిద్ర పడ్తాందా? చెయ్యి ఫోను." "బీపీ మనిషివి, నిద్ర చెడితే ఎట్లమ్మా" అన్నాను. ఈ మొండితనం ఎవరి పోలికో అమ్మకు తెలుసు.

నిన్న సాయంత్రం ఇంటి ముందు కారు ఆపగానే వెనక సీట్లోంచి ప్రశ్న. "అమ్మా, ఇప్పుడు ఏడుస్తావా, పాటలు పెట్టనా?"

పాటలే పెట్టమన్నాను. గడియారాలు మారడానికి ఇంకా మూడు వారాలుంది.