సోమశిల నీళ్ళ మీద మొరాయించిన ఇంజను

కొల్లాపూర్ దాటి సోమశిల చేరేసరికి కృష్ణమ్మ సముద్రంలా కనబడుతుంది. నిజానికవి శ్రీశైలం డ్యామ్ వెనక నీళ్ళు. డ్యామ్ 885 అడుగులకు నిండితే అవతలి సంగమేశ్వరం గుడి మునిగిపోతుంది. మేం వెళ్ళినప్పుడు నీళ్ళు తగ్గడం మొదలైంది గానీ గుడి ఇంకా బయటపడలేదు. సోమేశ్వరుడి దర్శనం చేసుకుని, రేవులో బేరమాడి, అమరగిరి వైపు చిన్న బోటులో బయల్దేరాం. వెనక మోటారు తగిలించిన బోట్లంటే నాకు మోజు.

నడినీళ్ళలో ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

బోటు అన్న ఇంజను స్టార్ట్ చేసే తాడు జోలికి పోలేదు. పెట్రోలు పైపు మధ్యలోని రబ్బరు ఉండను పట్టి చూశాడు. గట్టిగా ఉండాల్సింది, పీల్చేసిన తాటిముంజెలా అణిగిపోయి ఉంది. "పెట్రోలు మస్తుగున్నది సార్. ట్యాంకుకు గాలాడ్తలేదు" అంటూ మూత మీది చిన్న మర వదులు చేశాడు. సుయ్‌మని గాలి లోపలికి పోయింది. ఉండ నాలుగుసార్లు పిసికి తాడు లాగితే ఇంజను అందుకుంది. ఇంజను గుంజుకున్న పెట్రోలు జాగాలోకి గాలి రావాలి కదా, రాకపోతే చుక్క కదలదు.

నేను వదల్లేదు, ప్రశ్నలు వేస్తూనే ఉన్నాను. ఉండ ఎంత పిసికినా గట్టిపడకపోతే? పైపు ఎక్కడో గాలి పీలుస్తోందనో, ఉండలోని వాల్వు పోయిందనో లెక్క. పిసికినంతసేపు నడిచి వదిలితే ఆగితే? పెట్రోలు పంపు మీద అనుమానం. ప్లగ్గు విప్పితే పొడిగా ఉంటే పెట్రోలు అందట్లేదు, తడిగా ఉంటే నిప్పురవ్వ లేదు, లేదా చోక్ ఎక్కువైంది. ఆ ఇంజనుకు లీటరు పెట్రోలులో 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలుపుతాడు. పాత లూనా మోపెడ్లు నడిపినవాళ్ళకు ఇదంతా కొత్తేం కాదు.

లూనాకు లేనిది నీళ్ళ ధార. ఇంజను ఏటి నీళ్ళనే పీల్చి చల్లబడి, పక్కనున్న చిన్న రంధ్రంలోంచి సన్నగా చిమ్ముతుంది. అది ఆగిందంటే ఇంజను వెంటనే ఆపాలి. చీపురుపుల్లో సన్నతీగో పెట్టి పొడిస్తే చాలాసార్లు మట్టి ఊడి ధార వస్తుందట. రాకపోతే లోపలి పంపు రబ్బరు రెక్కలు అరిగినట్టే. నీళ్ళు తగ్గేకొద్దీ ఒడ్డు దగ్గర బురద పీల్చి ఆ రెక్కలు తొందరగా పోతాయి. అమరగిరి చేరేదాకా నేను కొండలకన్నా ఆ ధారనే ఎక్కువ చూశాను.

తిరుగు ప్రయాణంలో, నీళ్ళలో తిరిగి బోటును నెట్టే ఫ్యానుకు వలదారం చుట్టుకుంది. ఇంజను ఆపి, పైకి లేపి, కత్తితో కోసేశాడు. ఆ దారం ఫ్యాను ఇరుసు దగ్గరి రబ్బరు సీలును కోస్తే గేర్ ఆయిల్‌లోకి నీళ్ళు దిగుతాయి, ఆయిల్ పాలలా తెల్లబడుతుంది. రేవులో గేర్ పెట్టె కిందిమర కాస్త వదులు చేసి చూశాడు. నీళ్ళుంటే ముందు అవే వస్తాయి. ఆయిలే వచ్చింది. వారం తర్వాత మళ్ళీ చూడాలన్నాడు. కిరాయిలో మాత్రం పైసా తగ్గించలేదు.