వారాయ్ అంటే రా అనే

ఆదివారం. బెంగళూరులో పొద్దుట్నించీ ఒకటే ముసురు, మొన్న ఉతికిన బట్టలు ఇంకా ఆరలేదు, హాల్లో కుర్చీల మీదా తలుపుల మీదా అవే వేలాడుతున్నాయి. అమ్మ తెనాలి నుంచి వచ్చి పది రోజులైంది. ఇవాళ గుత్తొంకాయ చేసింది, మా రూమ్మేట్ (త్రిశూర్ అమ్మాయి) మూడుసార్లు పెట్టించుకుని తింది, అమ్మ మొహం వెలిగిపోయింది. తిన్నాక నిద్ర వస్తున్నా ఎవరం పడుకోలేదు, ఏదైనా సినిమా పెట్టుకుందాం అంటే రూమ్మేట్ ఒకటే పట్టు, చంద్రముఖికి మూలమైన మలయాళం సినిమా మణిచిత్రతాళు పెడతానని. 2024లో థియేటర్లలో మళ్ళీ రిలీజ్ చేసినప్పుడు కూడా వెళ్ళి చూసొచ్చిన మనిషి తను. నేనేమో ఇన్నేళ్ళూ చంద్రముఖి చూశాం కదా, ఒకటే కథ కదా అని ఒరిజినల్ వైపే వెళ్ళలేదు. అది ఎంత పొరపాటో ఇవాళ తెలిసింది.

అమ్మకి మలయాళం ఒక్క ముక్క రాదు. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ చదవదు. అయినా పావుగంటకే "ఇదంతా నాకు తెలిసిందేనే" అని సర్దుకుని కూర్చుంది. పాత బంగళా, తాళం వేసిన గది, వద్దన్నా తెరిచే కోడలు. 2005లో నేను ఐదో క్లాసులో ఉండగా మా అత్త, అమ్మ, పిల్లలం అందరం కలిసి చంద్రముఖికి వెళ్ళాం. ఆ తర్వాత నెల రోజులు స్కూల్లో మగపిల్లలంతా లకలకలక అంటూ తిరిగారు. రాత్రిళ్ళు బాత్రూంకి వెళ్ళాలంటే నాకు అమ్మ తోడు రావాల్సిందే, అంత భయం.

కానీ ఈ సినిమా నడక వేరే. మోహన్‌లాల్ చాలాసేపటిదాకా రానేరాడు. రజనీకాంత్ సినిమాలో మొదట్లోనే ఫైటు, పాట, అది ఆయన అభిమానుల కోసం పెట్టారు, తప్పని నేను అనను, థియేటర్లో నేనూ ఈల వేశాను. ఇక్కడ మాత్రం ముందు ఆ ఇల్లు అలవాటవుతుంది, ఆ మనుషులు అలవాటవుతారు, ఆ కోడలు గంగ (శోభన) అంటే మనింట్లో అమ్మాయే అనిపించేదాకా ఆగుతారు. అప్పుడు వస్తుంది ఆ సీను. ఒంటరిగా ఉన్నప్పుడు మొగుడు బయటికి వెళ్ళొద్దంటాడు, ఆవిడ మొహం మారుతుంది, మాట్లాడుతూ మాట్లాడుతూ మలయాళం నుంచి తమిళంలోకి జారిపోతుంది. "ఇప్పుడు మంచం ఎత్తుద్ది చూడు" అంది అమ్మ, ఎత్తింది కూడా, కానీ నాకు మంచం గుర్తే లేదు, ఆ గొంతు మారడమే చెవుల్లో ఉండిపోయింది. శోభనకి ఆ ఏడాది నేషనల్ అవార్డు ఊరికే ఇవ్వలేదు.

నేను అడిగాను రూమ్మేట్‌ని, మీకు తమిళం బాగానే అర్థమవుతుంది కదా, మరి భయమెందుకు అని. "అర్థమవుతుంది కాబట్టే" అంది. "రోజూ వినే భాషే, కానీ ఆ నోట్లోంచి రాకూడదు." నాకు అక్కడ ఒళ్ళు జలదరించింది, నిజంగా.

అప్పుడే ఒక సంగతి వెలిగింది. మలయాళంలో గంగని పట్టిందనుకునే నాగవల్లి తంజావూరు నర్తకి, తమిళం మాట్లాడుతుంది. తెలుగు చంద్రముఖిలో కూడా ఆవిడ తమిళమే, మా తరం అందరికీ "వారాయ్" పాట వింటే చాలు వెన్నులో చలి పుట్టేది. మరి తమిళ చంద్రముఖిలో? రూమ్మేట్ యూట్యూబ్‌లో పెట్టి వినిపించింది. రా రా, సరసకు రా రా. తెలుగు! తమిళ సినిమాలో దెయ్యం తెలుగు మాట్లాడుతుంది! భువనచంద్ర గారు రాసిన పాట అది. కన్నడ ఆప్తమిత్రలో కూడా తెలుగే. హిందీ భూల్ భులయ్యాలోనేమో నర్తకిని బెంగాల్ నుంచి తెచ్చారు, విద్యాబాలన్ బెంగాలీ మాట్లాడుతుంది. అంటే ఎవరికి వాళ్ళు దెయ్యాన్ని పక్కింటికి ఇచ్చేశారు. నేను చిన్నప్పుడు తమిళం విని దడుచుకుంటుంటే అక్కడ మద్రాసులో నా ఈడు పిల్లలు నా భాష విని దుప్పటి ముసుగేసుకున్నారన్నమాట. అమ్మకి చెప్తే నమ్మలేదు, "మన భాషకి ఎవరు భయపడతారే" అంది, చాలా నొచ్చుకుంది కూడా.

రీమేక్ అంటే కాపీ కొట్టడం అని తేల్చేసేవాళ్ళతో నాకు అందుకే ఒప్పుకోబుద్ధి కాదు. ఈ కథని ఇంకో భాషలోకి తీసుకెళ్ళాలంటే ముందు మన ఇంట్లో వినపడకూడని పొరుగు భాష ఏదో ఆలోచించుకోవాలి, అలా ఆలోచించారు కాబట్టే నాలుగు చోట్లా ఆడింది. పి.వాసు గారు కన్నడంలో చేసి మళ్ళీ తమిళంలో చేశారు, రెండూ నిలబడ్డాయి. నాకు కోపం సీక్వెల్స్ మీదే. ఒరిజినల్లో అసలు దెయ్యమే లేదు కదా! అది గంగ మనసులోని జబ్బు. చిన్నప్పుడు అమ్మానాన్నా వదిలేసి కలకత్తా వెళ్ళిపోతే నానమ్మ దగ్గర పెరిగిన పిల్ల, ఒకరోజు ఉన్నట్టుండి వచ్చి తీసుకుపోతామంటే లోపల ఏదో విరిగిపోయింది, అదంతా డాక్టరు (మోహన్‌లాల్) వెతికి తెలుసుకుంటాడు. ఎంత జాలి వేసిందో నాకు. మంత్రగాడు తిలకన్ కూడా డాక్టర్‌ని తిట్టడు, ఇద్దరూ కలిసి పనిచేస్తారు. నాగవల్లిని చంపినవాడి బొమ్మని నరికించి, వాణ్ణి చంపేశాను అని ఆవిడ నమ్మేలా చేసి బయటికి లాగుతారు. ఇంత జాగ్రత్తగా కట్టిన దాన్ని తీసుకొచ్చి, లేదు లేదు దెయ్యం నిజంగానే ఉంది, నర్తకిని చంపిన రాజు ఇంకా బతికే ఉన్నాడు, పాము ఉంది, పటం ఉంది అంటే ఏం మిగులుతుంది?

2010 డిసెంబర్లో చంద్రముఖికి తెలుగు సీక్వెల్ నాగవల్లికి వెళ్ళాను, పదో తరగతి, హాఫియర్లీ అయిపోయిన ఆనందంలో. వెంకటేష్ అంటే ప్రాణం, అనూష్క అంటే అరుంధతి చూసినప్పట్నుంచీ పిచ్చి. అయినా ఎక్కడా భయం వేయలేదు. నూరేళ్ళు దాటిన రాజు గుహలో కూర్చుని ఉంటే నాకు గంగే గుర్తొచ్చింది, పాపం ఆ అమ్మాయి పడ్డ బాధంతా వేస్ట్ అయిపోయిందే అని. చంద్రముఖి 2 ఇంకా దారుణం, నగలు, కత్తులు, రెండు ఆత్మలు కొట్టుకోవడం, ఆ పొరుగు భాష తెచ్చే భయం మాత్రం లేదు. భూల్ భులయ్యా 2లో టబు ఎంత కష్టపడిందో, కానీ అక్కడా నిజం దెయ్యమే, చేతబడే. పేరు, పాట, పటం ఉంచుకుని ప్రాణం తీసేశారు.

లారెన్స్ కాంచన (2011) మాత్రం నాకిష్టం, ఆ సంగతి కూడా రాయాలి. అందులో దెయ్యం నిజందే, కానీ శరత్‌కుమార్ వేసిన కాంచన ఎందుకు చచ్చిందో, ఏ భూమి లాక్కున్నారో కూర్చోబెట్టి వినిపిస్తారు. తర్వాత వచ్చిన వాటిలో ఆ వినడం తగ్గుతూ వచ్చింది, చెంపదెబ్బల కామెడీ పెరుగుతూ వచ్చింది.

సినిమా అయ్యాక అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. టీ పెట్టి ఇచ్చాక "వారాయ్ అంటే ఏంటే అసలు" అని అడిగింది. ఇన్నేళ్ళూ అడగలేదు మేమిద్దరం! రూమ్మేట్ చెప్పింది, వారాయ్ అంటే వస్తావా, రావా అని పిలవడం ఆంటీ అని. "అంటే రా అనా? అంతేనా? రా అని పిలిస్తేనా మనం భయపడి చచ్చింది?" అని అమ్మ మొహంలో ఒక రకమైన బాధ. ఊరుకాని ఊరునించి తీసుకొచ్చి మేడలో పెట్టిన పిల్ల, ఎదురింట్లో ఉన్న తనవాణ్ణి తన భాషలో రమ్మంటోంది, చుట్టూ ఉన్నవాళ్ళకి అది దెయ్యం కూతలా వినిపించింది. అమ్మ పొద్దున మేమిద్దరం ఆఫీసుకి పోయాక ఈ మూడో అంతస్తులో ఒక్కతే ఉంటుంది, కింద కూరల బండాయన కన్నడంలో ఏదో అంటే వేళ్ళతో లెక్క చూపించి కొత్తిమీర తెచ్చుకుంటుంది. నాకు పోయిన నెల జ్వరం వచ్చినప్పుడు రాత్రంతా తెలుగులో ఏదో గొణిగానట, భయమేసింది అని రూమ్మేట్ తెల్లారి చెప్పింది.

వచ్చే ఆదివారం ఆప్తమిత్ర పెడదామన్నాను. సౌందర్య ఆ సినిమాలో కన్నడం మాట్లాడుతూ మాట్లాడుతూ తెలుగులోకి వస్తుంది, అది ఒక్కసారి వినాలని. అమ్మ వద్దంది. 2004 ఏప్రిల్ 17న ఈ ఊళ్ళోనే జక్కూర్ నుంచి ఎగిరిన విమానం కూలి సౌందర్య పోయింది, కరీంనగర్ ప్రచారానికి బయల్దేరి. సినిమా ఆగస్టులో వచ్చింది. "పోయిన పిల్ల తెలుగులో రా రా అని పిలుస్తుంటే నేను చూడలేనే" అంది.

ఇప్పుడు పదకొండైంది. వాన ఆగింది. అమ్మ పడుకుంది, హాల్లో లైటు మాత్రం తీయొద్దంది.