కొబ్బరాకుల వెనక ధ్రువుడు, లెన్సు మీద మంచు: రోసెట్ నీహారికతో నా అనుభవం

రోసెట్ నీహారికను, అంటే అంతరిక్షంలో వెలిగే ఒక వాయు ధూళి మేఘాన్ని, ఫొటో తీయాలని నేను పూనుకున్నది చొల్లంగి అమావాస్య రోజుల్లో. ఆర్ద్రా నక్షత్రానికి తూర్పున ఉండే ఆ నీహారిక, ఆ రోజుల్లో రాత్రి పదిన్నర ప్రాంతంలో కోనసీమలోని మా డాబాకు దాదాపు నడినెత్తి మీదికి వస్తుంది. బైనాక్యులర్‌తో చూస్తే దాని నడుమనున్న ఎన్‌జీసీ 2244 నక్షత్ర గుచ్ఛం మాత్రమే కనబడింది. ఆ గుచ్ఛంలోని వేడి నక్షత్రాల అతినీలలోహిత కాంతి తగిలి హైడ్రోజన్ నుంచి విడిపోయిన ఎలక్ట్రాన్లు మళ్లీ దానితో కలిసేటప్పుడు 656.3 నానోమీటర్ల ఎర్రని కాంతి వెలువడుతుంది. చీకట్లో మన కంటికి దాదాపు ఆననిది ఆ ఎరుపే. మామూలు కెమెరాలోని ఫిల్టరు కూడా దానిలో అధిక భాగాన్ని ఆపేస్తుంది కనుక, ఆ ఫిల్టరు తీసేసిన పాత డీఎస్ఎల్ఆర్ కొని, 200 మి.మీ. లెన్సుతో, ఆకాశం తిరిగే వేగంతోనే కెమెరాను తిప్పే చిన్న ట్రాకర్ మీద బిగించాను.

ట్రాకర్ అక్షాన్ని ధ్రువనక్షత్రం వైపు తిప్పాలి. మన అక్షాంశం 16½ డిగ్రీలు, ధ్రువుడి ఎత్తూ ఇంచుమించు అంతే. మా డాబా నుంచి అక్కడ కనిపించేవి కొబ్బరి మట్టలే. అందుచేత నడిమింట ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించే గీత) దగ్గరి ఒక నక్షత్రాన్ని తెర మీద పెద్దదిగా చేసి, అది దక్షిణానికి జారితే అక్షం తూర్పుకు ఎక్కువగా తిరిగి ఉన్నట్టు లెక్కగట్టి, మరను వెంట్రుకవాసి తిప్పుతూ, తూర్పున ఉన్న మరో నక్షత్రంతో ఎత్తును కూడా సరిచేసుకున్నాను. దీనికే గంటన్నర పట్టింది, అయినా ఇంత నమ్మకమైన పద్ధతి నాకు మరొకటి తెలియదు.

తొలి రాత్రి మంచు మొత్తం పాడుచేసింది. పదో ఫొటోకి నక్షత్రాలు ఉబ్బాయి, పదిహేనో దానికి కనబడకుండా పోయాయి. ఎర్ర టార్చి వేసి చూస్తే లెన్సు ముందరి గాజంతా సన్నని తేమ బిందువులు, అంచున ఒక బొట్టు జారడానికి సిద్ధంగా ఉంది. ఆకాశానికి ఎదురుగా ఉన్న గాజు తన వేడిని కోల్పోయి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. చెరువులూ కాలువలూ ఉన్న మా గాలిలో తేమకు కొదవ లేదు. గుడ్డతో తుడవకూడదు, మరకలు పడతాయి. మర్నాడు పవర్‌బ్యాంకుతో నడిచే హీటర్ పట్టీ లెన్సుకు చుట్టాక తెల్లవారుజాము వరకూ గాజు పొడిగానే ఉంది.

రొయ్యల చెరువుల దీపాల వెలుగును తగ్గించడానికి హైడ్రోజన్, ఆక్సిజన్ కాంతులను మాత్రమే పోనిచ్చే ఫిల్టరు వాడాను. రెండేసి నిమిషాల ఫొటోలు అరవై తీసి, లెన్సుకు మూత పెట్టి తీసిన, కెమెరా సొంత మచ్చలు మాత్రమే ఉండే చీకటి ఫొటోలను వాటి నుంచి తీసివేసి, అన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చాను. బూడిదరంగు తెర మీద వెలుగు స్థాయిని కొద్దికొద్దిగా పెంచుతూ ఉండగా ముందు ఒక వైపు అంచు, ఆ తరువాత ఎర్రని వలయం, చివరికి ఆ గుచ్ఛంలోని నక్షత్రాల నుంచి వీచే కణాల గాలి ఖాళీ చేసిన నడిమి గుంట, దాని పక్కన సన్నని నల్లని ధూళి చారలు ఒక్కొక్కటిగా తేలాయి.