పూత తొంగిచూడగానే దున్నెయ్యాలి

పచ్చిరొట్ట, అంటే ఎరువుకోసం పెంచి పచ్చిగానే నేలలో కలియదున్నే పైరు అనగానే అందరూ విత్తనం గురించే అడుగుతారు. జనుమా, జీలుగా, పిల్లిపెసరా? నన్నడిగితే అది పెద్ద చిక్కేమీ కాదు. నీళ్లు నిలిచే మడి, చౌడు నేల అయితే జీలుగ. నీరు జారిపోయే చేనైతే జనుము. పిల్లిపెసర నేలమీద పరుచుకుంటుంది, మధ్యలో పశువులకూ కాస్త కోసుకోవచ్చు.

అసలు చిక్కంతా ఎప్పుడు దున్నాలన్న దగ్గరే. ఎకరానికి 12–15 కిలోల జనుము చల్లితే 45–50 రోజులకు మొగ్గలు కనిపిస్తాయి. చేను అప్పుడు కన్నులపండువగా ఉంటుంది. ఇంకో పది రోజులాగితే రొట్ట ఇంకా పెరుగుతుందిగా అన్న ఆశ పుట్టేదీ అప్పుడే. ఆ ఆశకు లొంగొద్దు.

నేను చూసేవి రెండే. ఒక మొక్కను పారతో మట్టిగడ్డతో సహా లేపుతాను. పీకితే వేళ్లకుండే బుడిపెలు మట్టిలోనే ఊడిపోతాయి. ఒక బుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు కనబడాలి. మన నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమైన లెగ్‌హిమోగ్లోబిన్ వల్ల వచ్చే రంగది. అది ఉందంటే గాలిలోని నత్రజనిని పట్టే పని సాగుతున్నట్టే. తెల్లగానో, ఆకుపచ్చగానో ఉంటే ఆ బుడిపె పనిచేయడం లేదు. రెండోది, కాడను మొదట్లో వంచి చూస్తాను. పుటుక్కున విరిగితే సరే. విరక్కుండా పీచులు సాగుతుంటే నార పట్టేసింది. తాళ్లు పేనేది ఆ నారతోనే మరి! దాన్ని అరిగించుకోడానికి సూక్ష్మజీవులు నేలలో ఉన్న నత్రజనినే లాక్కుంటాయి, తర్వాత వేసిన పైరు పాలిపోతుంది.

చలిదేశాల్లో హెయిరీ వెచ్ అనే తీగజాతి పప్పుమొక్కను ఆకురాలు కాలంలో రై అనే ధాన్యపు పైరుతో కలిపి చల్లుతారు. అక్కడి లెక్క కొంచెం వేరు. పూతకు ముందే రోలరుతో అణగదొక్కితే తీగ మళ్లీ లేస్తుంది, కాయ ముదిరేదాకా వదిలితే గింజ రాలి తర్వాతి పైరులో కలుపవుతుంది. తొందరపడ్డా తప్పే, ఆలస్యమైనా తప్పే. మన జనుము నయం, తొందరపడితే కాస్త రొట్ట తగ్గుతుందంతే.

దమ్ము చేసే మడిలో రొట్ట త్వరగానే చివుకుతుంది. మెట్టలో మాత్రం తేమ చూసుకుని దున్ని, రెండు వారాలైనా ఆగి విత్తాలి. నేల పొడిగా ఉంటే వానకోసం నాలుగు రోజులు ఆగొచ్చు, కాడ ఇంకా విరుగుతున్నంతవరకే.